సీఈఏ అంకె పెరిగిందా? విశాఖ పాఠకుల ప్రశ్నలకు జవాబులు

హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఈమధ్య సీఈఏ పరీక్షను కూడా కలిపేస్తున్నారు. సీఈఏ అంటే పెద్దపేగు క్యాన్సర్‌లో రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్. రిపోర్టులో అంకె పక్కన 'హెచ్' (హై, అంటే ఎక్కువ) అన్న అక్షరం కనబడితే చాలు, ఇంటిల్లిపాదికీ ఆ రాత్రి కంటిమీద కునుకుండదు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో దీని చుట్టూ తిరిగేవి ఏరి జవాబులిస్తున్నాం. ఆఖరి ఉత్తరం వేరే ప్రోటీన్ గురించి. అయినా అదీ సీఈఏలాగే కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచేదే.

ప్రశ్న: మాది భీమిలి దగ్గర ఊరు. మా అమ్మకు 58 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ అడ్డపొగ అలవాటు, రోజుకు మూడు నాలుగు చుట్టలు తాగుతుంది. చెకప్‌లో సీఈఏ 7.2 వచ్చింది. 5 లోపు ఉండాలని రాసుంది. పెద్దపేగు క్యాన్సరని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. పెట్ స్కాన్ చేయించేయమంటారా?
— ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: పెట్ స్కాన్ ఇప్పుడే వద్దండి. ముందు అమ్మగారిని మంచి వెలుతురులో కూర్చోబెట్టి, కట్టుడు పళ్లుంటే తీయించి, నోరు బాగా తెరవమని అంగిలి చూడండి. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి తాగేవారికి ఆ వేడి, ఆ పొగ నేరుగా తగిలేది అక్కడే. అంగిలి తెల్లగా మందంగా మారినా, ఆ తెలుపు మధ్య ఎర్రటి చుక్కలు తేలినా, పుండు రెండు మూడు వారాలైనా మానకపోయినా దంతవైద్యుడికో ఈఎన్‌టీ వైద్యుడికో వెంటనే చూపించాలి. విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. అంగిలి క్యాన్సర్‌ను సీఈఏ పట్టుకోలేదు. ఆ అంకె 2 వచ్చినా నోరు చూడాల్సిందే.

ఇక 7.2 సంగతి. సీఈఏ అంటే కార్సినో ఎంబ్రియానిక్ యాంటీజెన్. 1965లో కెనడాలోని మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ దీన్ని పెద్దపేగు క్యాన్సర్ గడ్డల్లోనూ, గర్భస్థ శిశువు పేగులోనూ గుర్తించారు. ఆ పేరు అలా వచ్చింది. పెద్దవాళ్ల ఆరోగ్యకరమైన పేగులోనూ కొద్దిగా ఉంటుందని తరవాత తేలింది. ఇది కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే ప్రోటీన్. కణం పైపొరకు కొవ్వు కొక్కెంతో తగులుకుని బయటికి చాచుకుని ఉంటుంది. పక్క కణం మీది సీఈఏ దీన్ని అందుకుంటుంది. బరువులో సగం దాకా చక్కెరలే.

ఆరోగ్యంగా ఉన్న పేగులో సీఈఏ లోపలి గొట్టం వైపే ఉంటుంది, ఊడిపడ్డది మలంతో పోతుంది. క్యాన్సర్ కణానికి ఏ వైపు ఏదన్న వరస ఉండదు. అన్ని వైపులా సీఈఏ తయారై రక్తంలోకి చేరుతుంది. రక్తంలోంచి దాన్ని తీసేసే పని కాలేయానిది. కాబట్టి కాలేయం దెబ్బతిన్నా, పిత్తనాళం మూసుకున్నా, క్యాన్సర్ లేకుండానే అంకె ఎక్కుతుంది. పొగ వల్ల రేగిన ఊపిరితిత్తులు, పేగుపూత, క్లోమం వాపు, థైరాయిడ్ తగ్గడం, కిడ్నీ జబ్బు కూడా కారణాలే. పొగ తాగనివారికి చాలా ల్యాబులు 2.5 నుంచి 3 నానోగ్రాములు హద్దుగా పెడతాయి, తాగేవారికి 5. ఇవన్నీ ఒక మిల్లీలీటరు రక్తసారానికి లెక్క. క్యాన్సర్ కాని కారణాలతో 10 దాటడం అరుదు. 20 దాటితే మాత్రం ఎక్కడికో పాకిన క్యాన్సర్ ఉందేమోనని గట్టిగా వెతకాలి. అమ్మగారి 7.2 ఈ మధ్యలో ఉంది. అన్నేళ్ల చుట్టే దానికి చాలినంత కారణం కావచ్చు.

చేయించాల్సినవి ఇవి: లివర్ ఫంక్షన్ టెస్ట్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్, ఛాతీ ఎక్స్‌రే, హిమోగ్లోబిన్. వీటిలో హిమోగ్లోబిన్‌ను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఈ వయసులో ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే, సీఈఏ ఎంతైనా సరే, కడుపు, పెద్దపేగు ఎండోస్కోపీతో చూడాలి. మలంలో రక్తం, కొన్ని వారాలుగా మారిన విరేచనం తీరు, తగ్గిన బరువు ఉన్నా అంతే. ఇవేవీ లేకపోతే చుట్ట మాన్పించి, రెండు నెలల తరవాత అదే ల్యాబులో సీఈఏ మళ్లీ చూడండి. అక్కడక్కడే ఉన్నా, తగ్గినా కంగారు లేదు. ఇంకా పెరుగుతుంటే అప్పుడు సీటీ, కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం). చుట్ట మానడానికి సాయం కావాలంటే జాతీయ పొగాకు విరమణ ఫోన్ లైను 1800-11-2356కు ఉచితంగా చేయవచ్చు.

ప్రశ్న: మా నాన్నగారికి 54వ ఏట పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. నాకిప్పుడు 41. ఏటా సీఈఏ చేయించుకుంటే ముందే తెలుస్తుందా?
— ఎంవీపీ కాలనీ

జవాబు: తెలియదండి. క్యాన్సర్ పేగు గోడలోనే ఉన్న తొలి దశలో సీఈఏ పెరగడం చాలా అరుదు. దగ్గరి లింఫ్ గ్రంథులకు పాకాక కూడా సగం మందికి 5 దాటదు. నయమయ్యే దశలో నోరు విప్పని పరీక్షను నమ్ముకుని ఏడాదికోసారి నిశ్చింతగా ఇంటికి వెళ్లడం ప్రమాదం.

మీకు కావాల్సింది కొలనోస్కోపీ. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా 60 లోపు ఈ క్యాన్సర్ వస్తే 40వ ఏట, లేదా వారికి వచ్చిన వయసుకు పదేళ్ల ముందు, రెండిట్లో ఏది ముందైతే అప్పుడు మొదలుపెట్టాలి. మీ లెక్కకు 40. అంటే ఏడాది ఆలస్యమయ్యారు, ఈ నెలలోనే పెట్టుకోండి. ముందు రెండు మూడు రోజులు పీచు, గింజలు ఉన్నవి మానాలి: ఆకుకూరలు, జామపండు, టమాటా గింజలు, పొట్టు పప్పు. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ తినొచ్చు. ఇనుము మాత్రలు వేసుకుంటుంటే వారం ముందే ఆపాలి, లేకపోతే మలం నల్లగా పేగు గోడకు అంటుకుంటుంది. విరేచనాల మందు ఒకేసారి తాగకుండా సగం ముందు రాత్రి, మిగతా సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు తాగితేనే పేగు శుభ్రపడుతుంది. శుభ్రపడని పేగులో చిన్న పాలిప్ (పేగు లోపల మొలిచే కండ) కనబడదు.

కుటుంబంలో ఎవరికీ లేనివారు 45 దాటాక ఏటా ఫిట్ అనే మల పరీక్ష చేయించుకోవచ్చు. మనిషి హిమోగ్లోబిన్‌ను మాత్రమే పట్టే పరీక్ష కాబట్టి పథ్యం అక్కర్లేదు. నెలసరి రోజుల్లో, మొలల నుంచి రక్తం పడుతున్నప్పుడు మాత్రం తీయకండి. తీసిన నమూనాను మన ఎండలో బండి డిక్కీలో వదిలేస్తే హిమోగ్లోబిన్ విరిగిపోయి, ఉన్న రక్తం కూడా లేదని వస్తుంది. అదే రోజు ల్యాబుకు చేర్చండి.

మీ నాన్నగారి వైపు ఇంకా ఇద్దరు ముగ్గురికి పేగు, గర్భాశయ క్యాన్సర్లు ఉంటే లించ్ సిండ్రోమ్ (ఈ క్యాన్సర్ల ముప్పు వంశంలో దిగే జన్యులోపం) పరీక్ష గురించి అడగండి. దానికి కారణమయ్యే జన్యువుల్లో ఎపిక్యామ్ కూడా ఉంది. అదీ కణాలను పట్టి ఉంచే ప్రోటీన్‌దే. ఆ జన్యువు చివర తెగిపోతే, దాని పక్కనే ఉన్న డీఎన్‌ఏ మరమ్మతు జన్యువు ఎంఎస్‌హెచ్2 మూగబోతుంది.

ప్రశ్న: మా మావయ్యగారికి సిగ్మాయిడ్ కోలన్ (పెద్దపేగు చివరి వంపు) క్యాన్సర్ గడ్డ తీశారు. ఆపరేషన్‌కు ముందు సీఈఏ 42. పన్నెండో రోజున చేయిస్తే 11. మొత్తం తీసేశామన్నారు కదా, మరి ఇంకా ఎక్కువే ఉందేమిటి? కీమో కూడా చెప్పారు.
— ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ఆ 11 మంచి అంకె. తొందరపడి చూడటం వల్ల ఎక్కువగా కనబడుతోంది. గడ్డ తీసేశాక కొత్త సీఈఏ రాదు గానీ, అప్పటికే రక్తంలో ఉన్నది పోవడానికి సమయం పడుతుంది. సగం తగ్గడానికి చాలామందికి మూడు నుంచి ఆరు రోజులు, కొందరికి ఇంకా ఎక్కువ. ఆరు రోజులనుకుని లెక్క వేయండి: 42 ఆరో రోజుకు 21, పన్నెండో రోజుకు పదిన్నర. మావయ్యగారిది సరిగ్గా ఆ దారిలోనే ఉంది. తీర్పు చెప్పాల్సిన పరీక్ష నాలుగు నుంచి ఆరు వారాల మధ్య చేసేది. అప్పటికి హద్దులోకి వస్తే, ఆ అంకె ఆయనకు కొత్త మొదలు. ఇక మీదట పోల్చాల్సింది దానితోనే, కాగితం మీద అచ్చేసిన 5తో కాదు. 1.8 ఉండే మనిషికి 4.6 రావడం ల్యాబు లెక్కలో నార్మలే, ఆయన లెక్కలో కాదు. ఆరు వారాలైనా దిగకపోతే ఎక్కడైనా మిగిలి ఉందేమో చూడాలి. కీమో మొదలుపెట్టేలోపే సీటీ ఒకసారి మళ్లీ చూడమని అడగండి.

కీమోలో ఇంకో తిరకాసు ఉంది. ఆక్సాలిప్లాటిన్ ఉన్న కీమో మొదలైన నాలుగు నుంచి ఆరు వారాల్లో సీఈఏ పెరిగి, తరవాత దానంతటదే దిగడం కద్దు. మందు దెబ్బకు కణాలు పగిలి లోపలిది బయటపడటం ఒక కారణం, మందు కాలేయాన్ని తాత్కాలికంగా ఇబ్బంది పెట్టడం ఇంకొకటి. ఆ ఒక్క అంకె చూసి మందు పనిచేయలేదని ఆపేయకూడదు.

చికిత్స అయ్యాక మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆ తరవాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి సీఈఏ చూస్తారు. డైరీలో తేదీ, అంకె, ల్యాబు పేరు, ఆ వారం జ్వరం, కామెర్లు, కొత్త మందులు ఏమైనా ఉన్నాయా అన్నది ఒకే వరసలో రాసుకోండి. పెరిగితే రెండు నుంచి నాలుగు వారాల్లో అదే ల్యాబులో మళ్లీ చేయించాలి. రెండోసారీ పెరిగితేనే ఛాతీ, పొట్ట, కటి భాగాలకు సీటీ, అవసరమైతే కొలనోస్కోపీ. ఆ రెండూ ఏమీ చూపక అంకె ఇంకా ఎక్కుతుంటే పెట్ స్కాన్‌కు అప్పుడు పని.

ఇంత శ్రమ దేనికంటే, కాలేయంలో ఒకటి రెండు మచ్చలుగా తిరిగొచ్చిన పెద్దపేగు క్యాన్సర్‌ను కోసి తీసేసి నయం చేసే అవకాశం ఉంది. బ్రిటన్‌లో 1202 మందిపై జరిగి 2014లో వెలువడిన ఫ్యాక్స్ అధ్యయనంలో, లక్షణాలు కనబడితేనే చూసిన వర్గంలో నూటికి 2.3 మందికి అలాంటి ఆపరేషన్ అందితే, క్రమం తప్పకుండా సీఈఏ చూసిన వర్గంలో 6.7 మందికి, సీటీ చూసిన వర్గంలో 8 మందికి అందింది. మొత్తం మరణాల్లో తేడా మాత్రం ఆ అధ్యయనంలో తేలలేదు. ఈ రెండు మాటలూ కలిపే తెలుసుకోవాలి. అయినా మా సలహా ఒకటే: పరీక్ష తేదీ తప్పించకండి.

ప్రశ్న: ద్వారకానగర్‌లో ఒక ల్యాబులో 4.1, మూడు రోజుల తరవాత ఇంకోచోట 7.9. ఎవరిది తప్పు? నేను ఆరు నెలల క్రితం పేగు ఆపరేషన్ అయినవాణ్ని. జుట్టు రాలుతోందని బయోటిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర వాడుతున్నాను.
— ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: ఇద్దరిదీ తప్పు కాకపోవచ్చు. మాత్ర సంగతి రాసి మంచి పని చేశారు, చాలామంది అది మందే కాదనుకుంటారు.

సీఈఏను రెండు యాంటీబాడీల మధ్య ఇరికించి కొలుస్తారు. ఒకటి పట్టుకుంటుంది, రెండోది వెలుగునిస్తుంది. ఎంత వెలుగో అంత సీఈఏ. యంత్రాలన్నిటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 73/601 ప్రమాణంతోనే సరిచేసినా, ఒక్కో కంపెనీ యాంటీబాడీ ఆ ప్రోటీన్ మీద ఒక్కో చోటును పట్టుకుంటుంది. చక్కెరల అమరిక మనిషి మనిషికీ తేడా కాబట్టి, ఒకే రక్తానికి రెండు యంత్రాలు రెండు అంకెలు చెబుతాయి.

ఇక బయోటిన్. కొన్ని యంత్రాల్లో ఆ ఇరికించిన జతను బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే జిగురుతోనే పట్టి ఉంచుతారు. మీ రక్తంలో మాత్ర తాలూకు బయోటిన్ నిండుగా ఉంటే ఆ జిగురు దానికే ఖర్చైపోతుంది. సీఈఏ జత కడిగేసినప్పుడు కొట్టుకుపోయి, అంకె అసలుకన్నా తక్కువ వస్తుంది. మనిషికి రోజుకు కావాల్సిన బయోటిన్ సుమారు 30 మైక్రోగ్రాములు. మీ మాత్రలో ఉన్నది దానికి మూడొందల రెట్లకు పైనే. కాబట్టి మీ రెండు అంకెల్లో ఎక్కువ అనుమానించాల్సింది మిమ్మల్ని సంతోషపెట్టిన 4.1నే. మాత్ర మూడు రోజులు ఆపి, ఆపరేషన్ తరవాత మొదటి పరీక్ష ఎక్కడ చేశారో అక్కడే మళ్లీ ఇవ్వండి. పరగడుపు అక్కర్లేదు.

అసలుకన్నా ఎక్కువగా చూపే సందర్భమూ ఒకటుంది. కొందరి రక్తంలో, పరీక్షలో వాడే ఎలుక యాంటీబాడీలకు అంటుకునే సొంత యాంటీబాడీలుంటాయి. సీఈఏ లేకుండానే అవి ఆ రెండిటినీ కలిపేస్తాయి. స్కానులన్నీ శుభ్రంగా ఉండి అంకె మాత్రం నెలల తరబడి ఒకేచోట నిలబడితే, వేరే కంపెనీ యంత్రం మీద ఒకసారి చూపించమని వైద్యుడిని అడగండి. ల్యాబు మారక తప్పదనుకుంటే ఒకే రోజు రెండు చోట్లా రక్తమివ్వండి. పాత గీత ఎక్కడ ఆగి కొత్త గీత ఎక్కడ మొదలైందో దాంతో తెలుస్తుంది. ఒకే ల్యాబులో 3.1 నుంచి 3.6 అయితే దాన్ని పెరుగుదలగా లెక్కపెట్టకండి.

ప్రశ్న: నేను నర్సీపట్నంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. సీఈఏ శాంపిళ్లు విశాఖకు పంపుతాం. కొన్ని వెనక్కి వస్తున్నాయి. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ఎర్రమూత లేదా పసుపుమూత జెల్ ట్యూబులో 3 నుంచి 4 మిల్లీలీటర్లు తీయండి. నిలువుగా అరగంట గడ్డకట్టనివ్వండి. రక్తం పలచబరిచే మందులు వాడేవారికి ఇంకా సమయమివ్వాలి. తొందరపడి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టించే ప్రోటీన్) పోగులు మిగిలి యంత్రం సూది మూసుకుపోతుంది. శాంపిళ్లు వెనక్కి రావడానికి ఇది పెద్ద కారణం. పది నిమిషాలు 1300 నుంచి 2000 జీ (భూమ్యాకర్షణకు అన్ని రెట్ల బలం) దగ్గర తిప్పాలి. ఆర్‌పీఎం మాత్రమే చూసి మోసపోకండి. రోటర్ వ్యాసార్థం 10 సెంటీమీటర్లైతే 3500 ఆర్‌పీఎం సుమారు 1370 జీ అవుతుంది, చిన్న రోటర్‌కు అంత రాదు. సీరం వేరే గొట్టంలోకి తీసి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచితే వారం దాకా నిలుస్తుంది. అంతకు మించితే మైనస్ 20లో పెట్టండి, కరిగించాక మళ్లీ గడ్డకట్టించొద్దు. పెట్టెలో ఐస్‌ప్యాకుకు గొట్టం నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డో కాగితమో పెట్టండి.

కాలేయం నిండా గడ్డలున్న రోగికి సీఈఏ 6 అని వస్తే నమ్మేయకండి. సీఈఏ మరీ ఎక్కువైతే రెండు యాంటీబాడీలూ విడివిడిగా నిండిపోయి జతలు ఏర్పడవు, అంకె కిందికి పడుతుంది. దీన్ని హుక్ ఎఫెక్ట్ అంటారు. రిక్వెస్టు ఫారం మీద రోగ వివరం రాసి పంపితే అక్కడివారు పదింతలు, వందింతలు పలచన చేసి మళ్లీ చూస్తారు. ఆ ఒక్క లైను రాయడం మీ చేతిలో పని.

ప్రశ్న: మా అక్కకు రొమ్ములో గడ్డ. బయాప్సీ రిపోర్టులో ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్, ఈ-క్యాడ్‌హెరిన్ నెగెటివ్ అని ఉంది. నెగెటివ్ అంటే మంచిదే కదా?
— ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: ఈఆర్, హెర్2 చికిత్స ఎంచుకోవడానికి చూసే ప్రోటీన్లు. ఈ-క్యాడ్‌హెరిన్ దగ్గర నెగెటివ్ అన్నది మంచీ కాదు, చెడూ కాదమ్మా. అది గుర్తింపు. ఈ-క్యాడ్‌హెరిన్ పక్కపక్క కణాలను ఇటుకల మధ్య సిమెంటులా పట్టి ఉంచే ప్రోటీన్. అది పోతే కణాలు గుంపుగా ఉండలేక ఒక్కొక్కటిగా వరసకట్టి పాకుతాయి. అలాంటి రొమ్ము క్యాన్సర్‌ను లోబ్యులార్ అంటారు. రంగు వేసిన స్లైడు మీద ఈ-క్యాడ్‌హెరిన్ ఉన్న కణాల చుట్టూ గోధుమరంగు అంచు కనబడుతుంది, అక్కయ్యగారి గడ్డ కణాల్లో కనబడలేదు. అదే స్లైడులో పక్కనున్న మామూలు నాళాల కణాలకు రంగు ఎక్కిందా అని అడగండి. వాటికీ ఎక్కకపోతే ప్రోటీన్ లేదని కాదు, పరీక్షే కుదరలేదని అర్థం. అనుమానం మిగిలితే పీ120 అనే ఇంకో ప్రోటీన్‌కు రంగు వేస్తారు. లోబ్యులార్‌లో అది కణం అంచు వదిలి లోపలికి చేరుతుంది.

ఇలా పాకే గడ్డ మామోగ్రాంలో ఉన్నదానికన్నా చిన్నగా కనబడొచ్చు. అందుకే ఆపరేషన్ ముందు ఎంఆర్ఐ అవసరమా అని సర్జన్‌ను అడగడం న్యాయమే. కుటుంబంలో చిన్న వయసులో కడుపు క్యాన్సర్ ఎవరికైనా వచ్చి ఉంటే ఆ మాట కూడా తప్పక చెప్పండి. ఈ-క్యాడ్‌హెరిన్‌ను తయారుచేసే సీడీహెచ్1 జన్యువు పుట్టుకతోనే చెడి ఉంటే ఈ రెండు క్యాన్సర్లూ ఒకే ఇంట్లో కనబడతాయి.

ఆపరేషన్ రోజున తీసిన ముక్కను ల్యాబుకు మీరే మోసుకెళ్లాల్సి వస్తే కొన్ని చూసుకోండి. తీసిన గంటలోపు అది ముక్క చెడకుండా ఉంచే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ ద్రవంలో పడాలి. ముక్కకు కనీసం పదింతల ద్రవం, వెడల్పు మూతి డబ్బా కావాలి. సెలైన్‌లో వేసిచ్చినా, సెలవు వచ్చిందని ముక్క ఫార్మలిన్‌లోనే రోజుల తరబడి మిగిలినా ఈఆర్, హెర్2 ఫలితాలు చెడిపోతాయి. ఆరు గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు దాటకుండా ఉండాలి. డబ్బా మీద పేరు, ఏ వైపు రొమ్ము, ఫార్మలిన్‌లో వేసిన సమయం రాయించుకోండి. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో మరోచోటో రెండో అభిప్రాయం కోరితే రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. స్లైడ్లతో పాటు పారఫిన్ బ్లాకును (ముక్కను పొదిగిన మైనపు దిమ్మ) కూడా మొదటి ల్యాబు నుంచి సంతకం పెట్టి తీసుకెళ్లండి. ఎండకు మైనం కరగకుండా బ్లాకును బండి డ్యాష్‌బోర్డు మీద కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి.